ఒక తెలుగు మాట, రెండు ఇంగ్లిషు దారులు: చిక్కు వ్యాకరణాన్ని సాధన చేసే పద్ధతి

ఖాళీలు పూరించమంటే ఇరవైకి ఇరవై మార్కులు వస్తాయి. ‘సిన్స్’కీ ‘ఫర్’కీ తేడా ఏమిటని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. కానీ ఎవరైనా ఎదురుగా నిలబడి, ఇక్కడ ఎన్నాళ్లుగా పనిచేస్తున్నారని ఇంగ్లిషులో అడగగానే నోటి నుంచి వచ్చే వాక్యం ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్’. నాలుగడుగులు వేశాక తప్పు గుర్తుకొస్తుంది. ఆ రోజంతా అది ముల్లులా గుచ్చుతూనే ఉంటుంది.

ఇది తెలియక చేసిన తప్పు కాదు. ఆ వాక్యం పుట్టింది తెలుగులో: ‘నేను ఇక్కడ మూడేళ్ల నుంచి పనిచేస్తున్నాను.’ ‘నుంచి’ అన్నదానికి ‘సిన్స్’ దొరికింది, ‘పనిచేస్తున్నాను’ అన్నదానికి ‘యామ్ వర్కింగ్’ దొరికింది. మాటకు మాట సరిపోయింది, వాక్యం మాత్రం తప్పింది. తెలుగులో ఒకే రూపంగా ఉన్నది ఇంగ్లిషులో రెండుగా చీలే చోటు ఒకటి ఉంటుంది. మనం తడబడేది చాలావరకు అక్కడే. ఏళ్ల తరబడి ఇంగ్లిషు నేర్చుకుంటూ, నేర్పుతూ నేను గట్టిగా నమ్మినది ఇదే: సాధన ఆ చీలిక దగ్గరే జరగాలి. అదే సూత్రాన్ని పదోసారి చదివినా ఆ చీలికను దాటలేం.

ఈ మార్గదర్శి ఇంగ్లిషు ఓ మోస్తరుగా చదవగలిగి, రాయగలిగి, మాట్లాడేటప్పుడు తడబడేవారి కోసం. ఉదాహరణ వాక్యాలన్నీ తెలుగు లిపిలోనే ఇచ్చాను. వాటిని ముందు పైకి చదివి చెవితో పట్టుకోండి, తర్వాత మీ నోటుపుస్తకంలో ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకోండి. ఆ రాయడం కూడా సాధనలో భాగమే.

మొదటి అడుగు: మీ తప్పులను పోగుచేయండి

రెండు వారాల పాటు కొత్తగా ఏమీ నేర్చుకోవద్దు. ఫోనులో రికార్డింగ్ పెట్టి, ఆ రోజు జరిగిన ఏదో ఒక సంగతిని మూడు నిమిషాలు ఇంగ్లిషులో చెప్పండి. మధ్యలో ఆపవద్దు, వెనక్కి వెళ్లి దిద్దుకోవద్దు. మర్నాడు దాన్ని విని, అనుమానం వచ్చిన ప్రతి వాక్యాన్నీ రాసుకోండి. మీరు రాసిన పాత ఈమెయిళ్లు తీయండి. ఎవరైనా మీ మాటను సరిదిద్దితే అదీ చేర్చండి.

నోటుపుస్తకం పేజీని మూడు నిలువు గడులుగా విభజించండి. మొదటి గడిలో మీరు అన్న వాక్యం, రెండో గడిలో సరైన వాక్యం. మూడో గడిలో, ఆ మాట అన్నప్పుడు మీ మనసులో మెదిలిన తెలుగు వాక్యం. చాలామంది ఈ మూడో గడిని అక్కర్లేదని వదిలేస్తారు. దయచేసి వదలకండి. జబ్బు ఎక్కడుందో చూపించేది అదే. నా పాత నోటుపుస్తకంలో ఒకే రోజు రాసుకున్న రెండు తప్పులు ఉన్నాయి: ‘ఐ డోంట్ నో వేర్ ఈజ్ హి’, ‘టెల్ మి వాట్ డజ్ షి వాంట్’. పైకి రెండూ వేర్వేరు తప్పుల్లా కనిపిస్తాయి. మూడో గడి చూస్తే ఒకచోట ‘ఎక్కడున్నాడో’, ఇంకోచోట ‘ఏం కావాలో’ అని ఉంది. రెండింటి చివరా ఒకే ‘ఓ’. అంటే నేను నయం చేసుకోవాల్సింది ఒక్కదాన్నే.

బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త పిట్ కార్డర్ 1967లోనే ఈ సంగతిని పట్టించారు. నేర్చుకునేవారి తప్పులు అడ్డదిడ్డంగా పుట్టవని, వారు మనసులో కట్టుకుంటున్న భాషా నియమాలకు ఆ తప్పులే సాక్ష్యమని ఆయన వాదించారు. ఐదేళ్ల తర్వాత, 1972లో, లారీ సెలింకర్ ఇంకో సంగతి చెప్పారు: కొన్ని తప్పులు ఎంతకాలమైనా పోకుండా గట్టిపడిపోతాయి. దానికి ఆయన పెట్టిన పేరు ‘ఫాసిలైజేషన్’, అంటే శిలాజంగా మారడం. పదేళ్లుగా ఇంగ్లిషులో ఉద్యోగం చేస్తున్నవారి నోట కూడా అదే పాత తప్పు వినిపించడానికి కారణం ఇదే. ఎవరూ ఆపి చెప్పరు, పని జరిగిపోతూనే ఉంటుంది, తప్పు రాయిలా మారుతుంది.

రెండు వారాల తర్వాత లెక్క చూస్తే వాక్యాలు యాభై ఉండవచ్చు గానీ, వాటి వెనక ఉన్న నమూనాలు ఆరో ఏడో ఉంటాయి. వాటిలోంచి మూడింటిని మాత్రమే ఎంచుకోండి. ఎక్కువసార్లు దొర్లినవి, అర్థాన్నే మార్చేసేవి ముందు. ‘షి గోస్’ అనాల్సిన చోట ‘షి గో’ అన్నా విషయం అర్థమవుతుంది. క్షవరం చేయించుకుని వచ్చి ‘ఐ కట్ మై హెయిర్’ అంటే మాత్రం, మీరే కత్తెర పట్టుకుని కత్తిరించుకున్నారని అనుకునేవారు ఉంటారు.

రెండో అడుగు: చీలిక ఎక్కడుందో కనిపెట్టండి

ఇక్కడ తొందరపడవద్దు. ఈ అడుగుకు ఒక వారం ఇచ్చినా తక్కువే. మూడో గడిలోని తెలుగు వాక్యాన్ని చూస్తూ ఒకే ప్రశ్న వేసుకోండి: ఈ తెలుగు రూపం ఇంగ్లిషులో ఎన్ని రూపాలుగా విడిపోతుంది? ఆ తర్వాత, ఏ రూపాన్ని ఎప్పుడు ఎంచుకోవాలో తేల్చే పరీక్షను తెలుగులోనే తయారుచేసుకోండి. మాట్లాడేటప్పుడు మనసు పరుగెత్తేది తెలుగులో కాబట్టి, పరీక్ష కూడా అదే భాషలో ఉంటేనే సమయానికి అందుతుంది.

పైన చెప్పిన ‘నుంచి’నే తీసుకుందాం. మాట్లాడేటప్పుడు మనం ‘మూడేళ్ల నుంచి’ అంటాం, ‘2021 నుంచి’ అనీ అంటాం. మొదటిది గడిచిన కాలం పొడవు, రెండోది మొదలైన చోటు. ఇంగ్లిషులో పొడవుకు ‘ఫర్’, మొదలుకు ‘సిన్స్’. ఈ సూత్రం అందరికీ తెలిసిందే, అయినా సమయానికి గుర్తురాదు. దాని బదులు ఈ పరీక్ష పెట్టి చూడండి: ‘నుంచి’ తీసేసి ‘గా’ పెడితే వాక్యం నిలబడుతుందా? ‘మూడేళ్లుగా’ నిలబడింది, కాబట్టి ‘ఫర్’. ‘చాలాకాలంగా’, ‘గంటసేపుగా’, ‘నెలరోజులుగా’ నిలబడ్డాయి, అన్నీ ‘ఫర్’. ‘2021గా’, ‘సోమవారంగా’, ‘చిన్నప్పటిగా’ కూలిపోయాయి, కాబట్టి ‘సిన్స్’. క్షణంలో తేలిపోతుంది.

అదే వాక్యంలో రెండో చీలిక ఉంది, అది ఇంకా లోతైనది. ‘పనిచేస్తున్నాను’ అన్న ఒక్క క్రియారూపం ‘ఇప్పుడు పనిలో ఉన్నాను, ఆగండి’ అన్నప్పుడూ వస్తుంది, ‘మూడేళ్లుగా పనిచేస్తున్నాను’ అన్నప్పుడూ వస్తుంది. ఇంగ్లిషులో మొదటిది ‘ఐ యామ్ వర్కింగ్’, రెండోది ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్’. ఇక్కడ పరీక్ష: వాక్యంలో ‘ఎన్నాళ్లుగా’ అన్న ప్రశ్నకు జవాబు ఉందా? ఉంటే ‘హ్యావ్’ వచ్చి తీరాలి, ఎక్కువగా ‘హ్యావ్ బీన్’ రూపంలో. ‘తెలుసు’ వంటి స్థితిని చెప్పే క్రియలకు ‘ఇంగ్’ పనికిరాదు కాబట్టి ‘ఆయన నాకు పదేళ్లుగా తెలుసు’ అన్నది ‘ఐ హ్యావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్’ అవుతుంది.

‘చూశాను’ అన్నది మరో పెద్ద చీలిక. ‘ఆ సినిమా చూశాను’, ‘ఆ సినిమా నిన్న చూశాను’ అనే రెండు వాక్యాల్లోనూ తెలుగు క్రియ మారలేదు. ఇంగ్లిషులో మొదటిదానికి ‘ఐ హ్యావ్ సీన్’, రెండోదానికి ‘ఐ సా’. పరీక్ష ఇలా పెట్టుకోండి: వాక్యం ముందు ‘ఇప్పటివరకు’, ‘ఎప్పుడో ఒకప్పుడు’, ‘ఇప్పుడే’ వంటి మాట అతుకుతుందా, లేక ‘నిన్న’, ‘అప్పుడు’, ‘చిన్నతనంలో’ వంటి ముగిసిపోయిన కాలం అతుకుతుందా? ముగిసిన కాలం పైకి చెప్పినా, మనసులోనే ఉన్నా ‘హ్యావ్’ రాదు. ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే’ అన్న తప్పు ఇక్కడే పుడుతుంది. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: ‘జస్ట్’, ‘ఆల్‌రెడీ’, ‘యెట్’ ఉన్నచోట బ్రిటిష్ వాడుక ‘హ్యావ్’ వైపు మొగ్గుతుంది, అమెరికన్లు మామూలు భూతకాలాన్ని కూడా ధారాళంగా వాడతారు. ‘ఐ ఆల్‌రెడీ ఏట్’ అని ఒక అమెరికన్ అంటే మీరు నేర్చుకున్నది తప్పని కంగారుపడవద్దు.

‘ఓ’ సంగతికి తిరిగి వద్దాం. ‘ఆయన ఎక్కడున్నారు?’ సూటి ప్రశ్న. ‘ఆయన ఎక్కడున్నారో తెలియదు’ ఒక వాక్యంలో ఒదిగిన ప్రశ్న. తెలుగు ఈ తేడాను చివర ‘ఓ’ చేర్చి చూపిస్తుంది. ఇంగ్లిషు అదే తేడాను మాటల వరుసతో చూపిస్తుంది: ‘వేర్ ఈజ్ హి’ అన్నది ‘వేర్ హి ఈజ్’గా తిరగబడుతుంది, ‘డు’, ‘డజ్’, ‘డిడ్’ మాయమవుతాయి. ‘టెల్ మి వాట్ షి వాంట్స్’. ‘వస్తాడో లేదో’ అన్నచోట ‘ఇఫ్’ లేదా ‘వెదర్’ వస్తుంది. కాబట్టి మనసులో ‘ఓ’ వినిపించగానే వరుసను మామూలు వాక్యంలా సర్దాలి. దీన్ని చీలిక అనడం కన్నా రెండు భాషలూ ఒకే తేడాను వేర్వేరు పనిముట్లతో చూపిస్తున్నాయనడం సరైనది. ఈ ఒక్క నమూనా పట్టుబడితే మీ ఇంగ్లిషు వినడానికే వేరుగా ఉంటుంది. అందుకే నా దగ్గరికి వచ్చేవారితో ముందు దీన్నే చేయిస్తాను.

‘చేయించాను’ వంటి ప్రేరణ క్రియల దగ్గర తెలుగు ఎంత స్పష్టంగా ఉంటుందో చూడండి. ‘ఫోను బాగుచేశాను’, ‘ఫోను బాగుచేయించాను’ మధ్య తేడా చిన్నపిల్లలకూ తెలుసు. ఇంగ్లిషులోకి వచ్చేసరికి రెండింటికీ ‘ఐ రిపేర్డ్ మై ఫోన్’ అనేస్తాం. ‘చేయించాను’కు సరైనది ‘ఐ గాట్ మై ఫోన్ రిపేర్డ్’ లేదా ‘ఐ హ్యాడ్ మై ఫోన్ రిపేర్డ్’. వస్తువు మధ్యలో, క్రియ మూడో రూపం చివర. ఈ వరుస మారితే అర్థమే మారిపోతుంది. ‘ఐ హ్యాడ్ రిపేర్డ్ మై ఫోన్’ అంటే అంతకుముందే నా చేతులతో నేనే బాగుచేశాను అని. అవే మాటలు, ఒక్క స్థానం మార్పు. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన రాసుకుని ఐదుసార్లు పైకి చదవండి.

కొన్నిచోట్ల చీలిక తెలుగులోనే సిద్ధంగా ఉంటుంది. మనం దాన్ని వాడుకోవడం మరిచిపోతాం, అంతే. ‘సోమవారం లోపు’ అంటే ‘బై మండే’, ‘సోమవారం వరకు’ అంటే ‘అంటిల్ మండే’. ‘నడిపేవాడిని’ అంటే ‘ఐ యూస్డ్ టు డ్రైవ్’, ‘నడపడం నాకు అలవాటే’ అంటే ‘ఐ యామ్ యూస్డ్ టు డ్రైవింగ్’. ‘చెప్పి ఉంటే వచ్చి ఉండేవాడిని’ అన్నది ‘ఇఫ్ యు హ్యాడ్ టోల్డ్ మి, ఐ వుడ్ హ్యావ్ కమ్’ అన్నదాని మీద దాదాపు అచ్చుగుద్దినట్టు కూర్చుంటుంది: ‘ఉంటే’కు ‘హ్యాడ్’, ‘ఉండేవాడిని’కి ‘వుడ్ హ్యావ్’. ‘వస్తే’ అన్న మాటలో భవిష్యత్తు గుర్తేమీ లేదు కదా, ఇంగ్లిషులోనూ ‘ఇఫ్ హి కమ్స్’ అనాలే తప్ప ‘ఇఫ్ హి విల్ కమ్’ అనకూడదు. ఇలాంటిచోట తెలుగును శత్రువుగా చూడకండి. తెలుగులో ఆలోచించడం మానేయమని చెప్పే సలహాను నేనెన్నడూ అంగీకరించలేదు. ఎక్కడ ఆసరాగా నిలుస్తుందో, ఎక్కడ దారి తప్పిస్తుందో తెలుసుకుంటే అమ్మభాషకు మించిన పనిముట్టు లేదు.

వ్యతిరేక ప్రశ్నకు జవాబు మాత్రం తలకిందులు. ‘నిన్న రాలేదా?’ అంటే మనం ‘అవును, రాలేదు’ అంటాం. ఇంగ్లిషులో ‘నో, ఐ డిడంట్’. అడిగినవారి మాటతో ఏకీభవించడం కాదు, జరిగిందా లేదా అన్నదే చూడాలి.

మూడో అడుగు: జంట కార్డులు రాయండి

ప్రతి చీలికకూ ఎనిమిది నుంచి పన్నెండు కార్డులు చాలు. ముందువైపు తెలుగు వాక్యం, వెనకవైపు ఇంగ్లిషు వాక్యం. సూత్రం ఎక్కడా రాయవద్దు. కార్డులు జంటలుగా ఉండాలి, జంటలో తేడా ఒక్కచోటే ఉండాలి. ఒక కార్డు మీద ‘వర్షం పడుతోంది’, దాని జోడీ మీద ‘పొద్దున్నుంచి వర్షం పడుతోంది’. మొదటిదానికి ‘ఇట్ ఈజ్ రైనింగ్’, రెండోదానికి ‘ఇట్ హ్యాజ్ బీన్ రైనింగ్ సిన్స్ దిస్ మార్నింగ్’. తెలుగులో క్రియ ఒక్క అక్షరం కూడా మారలేదు. మనసు ఆ చీలికను గుర్తించక తప్పదు.

వాక్యాలు మీ జీవితంలోవే కావాలి. పాఠ్యపుస్తకంలో రాము, సీత ఎప్పుడు ఎక్కడికి వెళ్లారో మీకు అనవసరం. మీ చెల్లెలు ఎన్నాళ్లుగా సంగీతం నేర్చుకుంటోందో, మీరు ఏ పని ఎవరితో చేయించారో అవసరం. రేపు మీరు నిజంగా పలకబోయే వాక్యాలు అవే.

కార్డు చూడగానే జవాబును పైకి పలకాలి, ఆ తర్వాతే తిప్పి చూడాలి. మనసులో అనుకుని ‘ఆ, తెలుసులే’ అని తిప్పేయడం సాధన కాదు.

నాలుగో అడుగు: ఒక వాక్యాన్ని పట్టుకుని తిప్పండి

కార్డు సరిగా చెప్పగలిగాక అదే వాక్యంలో ఒక్కొక్క భాగాన్నీ మారుస్తూ వెళ్లాలి. బ్రిటిష్ భాషా బోధకుడు హెరాల్డ్ పామర్ 20వ శతాబ్దం తొలినాళ్లలో ఇలాంటి మార్పిడి పట్టికలతో ఇంగ్లిషు నేర్పారు. వాటిలో ప్రాణం లేదని తర్వాత చాలామంది పక్కన పెట్టారు. నిజమే, ఇతరులు రాసిన పట్టిక చదివితే చిలకపలుకులే అవుతుంది. మనమే మార్చుకుంటూ, ప్రతి వాక్యానికీ నిజమైన అర్థం ఉండేలా చూసుకుంటే మాత్రం నోటిని మలచడానికి దీనికి సాటి వచ్చేది నాకు కనిపించలేదు.

ఒకసారి చేసి చూద్దాం. మొదటి వాక్యం: ‘ఆయన ఎక్కడ ఉంటారో నాకు తెలుసు.’ ‘ఐ నో వేర్ హి లివ్స్.’ ఇప్పుడు ‘తెలుసు’ను మారుద్దాం: ‘ఐ డోంట్ నో వేర్ హి లివ్స్.’ ‘ఎక్కడ ఉంటారో’ను ‘ఎప్పుడు బయలుదేరతారో’గా మారుద్దాం: ‘ఐ డోంట్ నో వెన్ హి లీవ్స్.’ మనిషిని మారుద్దాం: ‘ఐ డోంట్ నో వెన్ దే లీవ్.’ ఇక్కడ నాలుక ఒక్క క్షణం ఆగుతుంది, ‘లీవ్స్’లోని ‘స్’ పోవాలి కాబట్టి. కాలాన్ని మారుద్దాం: ‘ఐ డోంట్ నో వెన్ దే లెఫ్ట్.’ ఇక్కడే చాలామంది ‘వెన్ డిడ్ దే లీవ్’ అంటారు. ఆగండి. ‘ఎప్పుడు బయలుదేరారో’ అన్న తెలుగు మాటను నెమ్మదిగా పలికి ‘ఓ’ను వినండి. మళ్లీ చెప్పండి. చివరగా అడిగే తీరు మారుద్దాం: ‘కుడ్ యు టెల్ మి వెన్ దే లెఫ్ట్?’ మొత్తం ప్రశ్నే అయినా లోపలి వరుస మాత్రం మామూలుగానే ఉండాలి. ఇదే అన్నింటికన్నా కష్టమైన మలుపు. ఆరు వాక్యాలు, రెండు నిమిషాలు. తడబడిన చోటు ఏదో మీకే తెలిసిపోయింది. రేపు అక్కడి నుంచి మొదలుపెట్టండి.

ఐదో అడుగు: కలపండి, విరామం ఇవ్వండి

ఒకే నమూనాను వరుసగా ముప్పైసార్లు చేస్తే అది వచ్చేసిందనిపిస్తుంది. అది ఎక్కువగా భ్రమే. వరుసగా చేసేటప్పుడు ఏ దారి ఎంచుకోవాలో ముందే తెలిసిపోతుంది, ఎంపిక చేసే శ్రమే ఉండదు. నిజమైన సంభాషణలో కష్టమంతా ఆ ఎంపికే. అందుకని మూడు నాలుగు రోజుల తర్వాత మూడు నమూనాల కార్డులనూ కలిపి పేకముక్కల్లా కలియబెట్టండి. ‘నుంచి’ కార్డు తర్వాత ‘చేయించాను’ కార్డు, ఆ తర్వాత ‘ఓ’ కార్డు. వేగం తగ్గుతుంది, తప్పులు పెరుగుతాయి. బెదిరిపోకండి. నేర్చుకునే శాస్త్రంలో ‘ఇంటర్‌లీవింగ్’ అని పిలిచే ఈ కలగలుపు సాధన ఆ పూట కష్టపెట్టినా, తర్వాత ఎక్కువకాలం నిలుస్తుంది.

విరామం గురించి మాత్రం కొత్తగా చెప్పేదేమీ లేదు. హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రజ్ఞుడు అర్థంలేని అక్షరాల గుంపులను తానే కంఠస్థం చేస్తూ, ఎంతసేపటికి ఎంత మరిచిపోతున్నాడో కొలిచి 1885లో ప్రచురించాడు. మరుపు మొదట్లోనే చాలా వేగంగా వస్తుందని తేలింది. 1972లో సెబాస్టియన్ లైట్నర్ అనే జర్నలిస్టు కార్డుల పెట్టె పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. సరిగా చెప్పిన కార్డు తర్వాతి అరలోకి వెళ్లి ఆలస్యంగా తిరిగి వస్తుంది, తప్పిన కార్డు మొదటి అరకు వస్తుంది. అట్టపెట్టె ఉన్నా చాలు, ‘ఆంకి’ వంటి ఉచిత కంప్యూటర్ ప్రోగ్రామ్ ఉన్నా చాలు. రోజుకు ఇరవై నిమిషాలు మించవద్దు. ఆదివారం మూడు గంటలు కూర్చోవడం కన్నా రోజూ ఇరవై నిమిషాలు ఎన్నో రెట్లు మేలు.

ఆరో అడుగు: వెళ్లి, తిరిగి రండి

16వ శతాబ్దంలో ఇంగ్లండు రాణి మొదటి ఎలిజబెత్‌కు చదువు చెప్పిన రోజర్ ఆస్కమ్ లాటిన్ నేర్పడానికి ఒక పద్ధతిని గట్టిగా సమర్థించాడు. విద్యార్థి లాటిన్ భాగాన్ని ఇంగ్లిషులోకి మార్చాలి, కొంత సమయం గడిచాక మూలం చూడకుండా తిరిగి లాటిన్‌లోకి మార్చాలి, అప్పుడు రెండింటినీ పోల్చాలి. బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూడా కుర్రతనంలో తనకు నచ్చిన వ్యాసాల సారాన్ని చిన్న గుర్తులుగా రాసుకుని, కొన్ని రోజుల తర్వాత సొంతంగా తిరిగి రాసి, మూలంతో పోల్చుకుని రచన నేర్చుకున్నాడు.

మనకు ఇది చేతికందిన పనిముట్టు. ఐదారు వాక్యాల ఇంగ్లిషు పేరా ఒకటి తీసుకోండి. సాదా వచనం కావాలి, కవిత్వం వద్దు. దాన్ని సహజమైన తెలుగులోకి మార్చండి. ఇంగ్లిషు పేరాను మూసేసి, మర్నాడు మీ తెలుగు మాత్రమే చూస్తూ మళ్లీ ఇంగ్లిషులో రాయండి. అప్పుడు పక్కపక్కన పెట్టి చూడండి. అర్థం సరిపోయి మాటలు మారిన చోట్లను వదిలేయండి. ‘హ్యాడ్’ పోయిన చోట, ‘ద’ పోయిన చోట, వరుస తిరగబడిన చోట ఎర్ర సిరాతో గీత గీయండి. ఆ గీతలు ఏ బోధకుడూ చూపించలేనంత ఖచ్చితంగా మీ బలహీనతలను చూపిస్తాయి. వారానికి రెండు పేరాలు చాలు.

ఆర్టికల్స్‌ను విడిగా చూడాలి

‘ఎ’, ‘యాన్’, ‘ద’ గురించి పై పద్ధతి అంతా చెప్పినంత తేలికగా పనిచేయదు. తెలుగులో వీటికి సూటిగా సరిపోయే మాటలే లేవు. అయినా పూర్తిగా చీకటి కాదు. ‘పుస్తకం కొన్నాను’, ‘పుస్తకాన్ని తిరిగి ఇచ్చేశాను’ అన్న వాక్యాలు చూడండి. మొదటిదాంట్లో ఏదో ఒక పుస్తకం, రెండోదాంట్లో మనిద్దరికీ తెలిసిన ఆ పుస్తకం. ప్రాణం లేని వస్తువుల విషయంలో ‘ని’ చేరినప్పుడు తరచూ ఆ వస్తువు ఇదీ అని తెలిసి ఉంటుంది. అన్నిచోట్లా పనిచేసే సూత్రం కాదు గానీ, తొలి ఊహకు ఆధారం దొరికింది: ‘ఐ బాట్ ఎ బుక్’, ‘ఐ రిటర్న్‌డ్ ద బుక్’.

అసలు ప్రశ్న ఒకటే: నేను ఏ వస్తువు గురించి చెబుతున్నానో వినేవారు గుర్తుపట్టగలరా? గుర్తుపడితే ‘ద’. గుర్తుపట్టలేక, అది లెక్కపెట్టగల ఒక్క వస్తువైతే ‘ఎ’ లేదా ‘యాన్’. మొత్తం జాతి గురించి సాధారణంగా చెబుతుంటే బహువచనం, ముందు ఏమీ లేకుండా: ‘డాగ్స్ ఆర్ లాయల్’. జీవితం, నిజాయితీ వంటి భావాలను సాధారణంగా చెప్పినప్పుడు కూడా ముందు ఏమీ రాదు.

లెక్కపెట్టడం దగ్గర మరో ఉచ్చు ఉంది. మనం సలహాలు, సమాచారాలు, సామాన్లు అని బహువచనం చేస్తాం. ఇంగ్లిషులో ‘అడ్వైస్’, ‘ఇన్ఫర్మేషన్’, ‘ఫర్నిచర్’, ‘లగేజ్’, ‘ఎక్విప్‌మెంట్’ లెక్కకు రావు. వీటికి ‘స్’ చేర్చకూడదు, ముందు ‘ఎ’ పెట్టకూడదు. ఒక సలహా అనాలంటే ‘ఎ పీస్ ఆఫ్ అడ్వైస్’. ఇలాంటి పది పన్నెండు మాటలను కార్డుల మీద వేరుగా రాసుకోండి. ఇక్కడ కంఠస్థం తప్ప దగ్గరి దారి లేదు.

సాధనకు ఒక పేరాను కాపీ చేసి, అందులోని ‘ఎ’, ‘యాన్’, ‘ద’ అన్నింటినీ చెరిపేయండి. ఖాళీ గుర్తులు కూడా ఉంచవద్దు, ఎందుకంటే ఎక్కడ పెట్టాలో కనిపెట్టడమే సగం పని. మర్నాడు పూరించి పోల్చండి. తేడా వచ్చిన ప్రతిచోటా రచయిత అది ఎందుకు పెట్టారో ఒక్క వాక్యంలో తెలుగులో చెప్పండి. ఇది నెమ్మదిగా పండే పంట, నెలలు పడుతుంది.

ఏడో అడుగు: చెవికి పని చెప్పండి

చాలామంది దీన్ని వ్యాకరణ సాధనగా లెక్కపెట్టరు. కానీ ఇంగ్లిషు వ్యాకరణంలో కీలకమైన ముక్కలన్నీ మాటల్లో మింగేసినంత చిన్నగా పలుకుతాయి. ‘ఐ హ్యావ్ సీన్’ అన్నది ‘ఐవ్ సీన్’ అవుతుంది. ‘హి హ్యాడ్ గాన్’ అన్నది ‘హీడ్ గాన్’. ‘ఐ వుడ్ హ్యావ్ కమ్’ అన్నది ‘ఐడవ్ కమ్’ లాగా దూసుకుపోతుంది. చెవికి అందని ముక్క నోటికి ఎలా వస్తుంది? పాఠం రాతప్రతి దొరికే రికార్డింగ్ ఒకటి తీసుకుని, ముప్పై సెకన్ల భాగాన్ని వింటూ మాటమాటా రాయండి. ఎన్నిసార్లయినా వెనక్కి తిప్పండి. తర్వాత రాతప్రతితో పోల్చి, మీరు వదిలేసిన చిన్న ముక్కల కింద గీత గీయండి. అదే భాగాన్ని రికార్డింగ్‌తో పాటు పలకండి. ఇలా వారం చేశాక, ఇన్నాళ్లూ వినపడని ‘వ్’లు, ‘డ్’లు నలువైపుల నుంచీ వినిపించడం మొదలవుతుంది. ఆ అనుభవం కలిగిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది.

అనుమానం తీర్చుకునే చోటు

ఏ వాక్యం సరైనదో తేల్చుకోవడానికి నేర్చుకునేవారి కోసం రాసిన ఇంగ్లిషు నిఘంటువే మొదటి ఆసరా. అర్థం కన్నా అందులోని ఉదాహరణ వాక్యాలను చదవండి. ‘సజెస్ట్’ తర్వాత ఏం వస్తుందో, ‘డిస్కస్’ పక్కన ‘అబౌట్’ ఎందుకు లేదో అవే చూపిస్తాయి. తర్వాతి ఆసరా కార్పస్, అంటే నిజమైన వాడుక నుంచి పోగుచేసిన భారీ వాక్య భాండారం. బ్రిటిష్ నేషనల్ కార్పస్‌లో 10 కోట్ల మాటలు ఉన్నాయి, సమకాలీన అమెరికన్ ఇంగ్లిషు కార్పస్‌లో 100 కోట్లకు పైగా. రెండింటినీ ఇంటర్నెట్‌లో వెతకవచ్చు. మీ అనుమానపు పదబంధాన్ని, దానికి పోటీగా ఉన్నదాన్ని విడివిడిగా వెతికి, ఏది ఎన్నిసార్లు, ఎలాంటి వాక్యాల్లో వచ్చిందో చూడండి. పదిమందిని అడిగి పది జవాబులు తెచ్చుకునే బదులు సాక్ష్యం మీ కళ్లముందే ఉంటుంది.

మాటల మధ్యలో

సంభాషణ జరుగుతున్నప్పుడు అన్ని నమూనాలనూ కాపలా కాయకండి, నోరు మూగబోతుంది. ఆ వారానికి ఒక్కదాన్నే మనసులో పెట్టుకోండి. తప్పు దొర్లితే ఆగి, సరైన వాక్యాన్ని ఒక్కసారి చెప్పి ముందుకు సాగండి. క్షమాపణ అవసరం లేదు, ఇంగ్లిషు సొంత భాషగా ఉన్నవారూ మాట్లాడుతూ మాట్లాడుతూ దిద్దుకుంటారు.

ముందుకు వెళ్తున్నారని తెలిపే గుర్తు తప్పుల సంఖ్యలో కనిపించదు, తప్పు తెలిసే సమయంలో కనిపిస్తుంది. మొదట ఇంటికి వెళ్లాక తెలుస్తుంది. కొన్ని వారాలకు వాక్యం ముగియగానే తెలుస్తుంది. తర్వాత వాక్యం మధ్యలో, ‘ఐ డోంట్ నో వేర్ ఈజ్...’ దగ్గర నాలుక ఆగిపోతుంది. ఇంకొన్నాళ్లకు నోరు తెరిచే ముందే వరుస సర్దుకుంటుంది. ఈ నాలుగో దశ వరుసగా రెండు వారాలు నిలిచిందంటే ఆ నమూనా కార్డులను నెలకొకసారి చూసే అరలో పెట్టేయండి. నోటుపుస్తకంలో దాని పేజీ మూలన తేదీ వేసి, మొదటి రెండు వారాల్లో పోగుచేసిన జాబితాలోంచి నాలుగో నమూనాను బయటికి తీయండి. మూడో గడిలోని తెలుగు వాక్యాన్ని పైకి చదవడంతో పని మళ్లీ మొదలవుతుంది.